వేసవి చదువు: ‘చేయవచ్చును’ చాలదు

2023 మే నెలలో, శబరి గోదావరిలో కలియు కూనవరము సమీపమున, మేమొక తునికాకు కల్లమునకు పోయియుంటిమి. తెల్లవాఱకముందే అడవిలో కోసికొని వచ్చిన ఆకును ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఏబదేసి ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లమునకు తెచ్చి ఎండలో వరుసలుగా పేర్చుచుండిరి. వారిలో నొక కోయబాలికను మేము గుర్తుపట్టితిమి. అంతకు ముందటి సంవత్సరము జూలైలో వరదబాధితుల శిబిరమున మాతోపాటు అన్నపు పొట్లములు పంచినది ఆమెయే. అప్పుడామె భద్రాచలమునందలి యొక కళాశాలలో డిగ్రీ విద్యార్థిని. ఈ మే నెలలో ఏ తరగతి యని యడిగితిమి. తల వంచుకొని, “ఆగిపోయిన సారూ” అనినది.

ఆ జూలై సంగతి పాఠకులెవరును మఱచియుండరు. భద్రాచలము వద్ద మూడవ ప్రమాదపు హెచ్చరిక 53 అడుగులకే యిత్తురు. 2022 జూలై 16వ తేదీన నీరు 71.3 అడుగులకు వచ్చెను. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి వరద అదియే. వంతెనపై రాకపోకలు నిలిచెను. కూనవరము, వరరామచంద్రాపురము, చింతూరు ప్రాంతముల పల్లెలు నీట మునిగెను. ఆ పిల్ల యిల్లు కూలెను. నీరు తీసిన పిదప బురద ఎత్తిపోసి, గోడలు నిలిపి, తాటాకు కప్పు వేసికొనునప్పటికి నెలలు గడచెను. అంతట కళాశాలకు పోగా హాజరు చాలదనిరి, పరీక్షకు కూర్చుండనీయమనిరి. ఆ అర్ధసంవత్సరపు పాఠములు మరల చెప్పునది మరుసటి యేడే గనుక అంతవరకు ఇంటికడ నుండుమనిరి. మూడు నెలలు వరద తీసికొనగా, పండ్రెండు నెలలు నిబంధన తీసికొనెను.

ఆమె మమ్మడిగిన ప్రశ్న యొక్కటే. “ఎండకాలం కాలేజి ఖాళీగనే ఉంటది గద సారూ. అప్పుడు ఈ పాఠాలు చెప్పరాదా?”

మేము న్యాయవాదులము, ప్రశ్నకు ఎదురుప్రశ్న వేయుట మా వృత్తి. ఈ ప్రశ్నకు మాత్రము మా నోట మాట రాలేదు. పట్టణమునకు వచ్చి కాగితములు తిరుగవేయగా దొరికిన సమాధానము మఱింత సిగ్గుచేటుగా నుండెను. ఏమనగా, ఆ అడవిపిల్ల కోరినది మన దేశపు విద్యానిబంధనలలో అప్పటికే వ్రాయబడి యున్నది!

నిబంధన ఏమనుచున్నదో చూతము. నేటి డిగ్రీ చదువు క్రెడిట్ల లెక్కపై నడచుచున్నది. తరగతిలో 15 గంటలు పాఠము వినినచో ఒక క్రెడిటు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రము ప్రకారము మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సుకు 160. అర్ధసంవత్సరమునకు 90 పనిదినములు. ఆ చట్రములోనే వేసవి సెలవులలో ఎనిమిది వారముల వేసవి తరగతికాలము గలదు. అందులో విద్యార్థులు పనిశిక్షణ పొందవచ్చును. మామూలు పాఠ్యాంశములను గూడ త్వరితగతిని బోధింపవచ్చును. అధికముగా చదువదలచినవారు అధికముగా చదువవచ్చును. వెనుకబడిపోయినవారు తప్పిన పాఠములను పూర్తిచేసికొనవచ్చును. ఏయే పాఠ్యాంశములు పెట్టవలెనో మాత్రము అధ్యాపకుల లభ్యతను, విద్యార్థుల సంఖ్యను బట్టి కళాశాలలే నిర్ణయించుకొనవచ్చును.

వచ్చును, వచ్చును, వచ్చును! పాఠక మహాశయులారా, ఈ ‘వచ్చును’ అను మూడక్షరములలోనే మన వ్యాజ్యమంతయు నున్నది. శాసనములో ‘చేయవలయును’ అని యున్నచో అది హక్కు. పౌరుడు న్యాయస్థానమునకు పోయి అడుగగలడు. ‘చేయవచ్చును’ అని యున్నచో అది అధికారి దయ. దయకు గడువు లేదు, అప్పీలు లేదు. అధ్యాపకులు చాలినంతమంది యుండి, విద్యార్థులు వేలకొలది యుండు నగరపు కళాశాలలో ‘వచ్చును’ అనునది సులభముగా ‘జరుగును’ అగును. సగము పోస్టులు అతిథి అధ్యాపకులతో నెట్టుకొని వచ్చు అడవి కళాశాలలో అదే ‘వచ్చును’ ఏనాటికిని ‘జరుగదు’. అధ్యాపకులున్నప్పుడు విద్యార్థులు చాలరందురు; విద్యార్థులున్నప్పుడు అధ్యాపకులు లేరందురు. అక్షరము ఒక్కటే, పట్టణమునకు ఒక అర్థము, అడవికి ఒక అర్థము!

ఈ వేసవి చదువు కొత్త విడ్డూరమనుకొనువారికి రెండు మాటలు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము 1871లోనే వేసవి పాఠశాలను ఆరంభించెను. 1892లో తరగతులు తెరచిన షికాగో విశ్వవిద్యాలయమునకు తొలి అధ్యక్షుడైన విలియం రెయినీ హార్పరు, ఏడాదిని నాలుగు భాగములు చేసి, తక్కిన మూడింటితో సమానముగా వేసవిని గూడ పూర్తి చదువుకాలముగా నిర్ణయించెను. బడిపంతుళ్లు తమ సెలవులలో వచ్చి చదివి పట్టము పొందుటకు అది దారి యయ్యెను. నేడు మన ఖమ్మము వీధులలో కొడుకునో కూతురునో అమెరికాకు పంపిన గృహస్థునడుగుడు. “మావాడు వేసవిలో దగ్గరి రెండేండ్ల కళాశాలలో తక్కువ రుసుముతో రెండు పాఠములు చదివి, ఆ క్రెడిట్లు తన విశ్వవిద్యాలయమునకు తెచ్చుకొనెను, ఒక టర్ము కలిసివచ్చెను” అని చెప్పుకొని సంతోషించువారు పెక్కుమంది గలరు. సంతోషింపదగినదే. కాని టెక్సాసులో తెలివితేటలనిపించుకొన్న పని కూనవరములో కోరినచో గొంతెమ్మ కోరిక ఎట్లగును?

తెలుగువారికి సైతము వేసవి పాఠశాల అనుమాట క్రొత్తది కాదు. 1937 వేసవిలో సముద్రతీరమున కొత్తపట్నమునందు యువకులు ఆర్థిక, రాజకీయ శాస్త్రములు నేర్చుకొనుటకై పాఠశాల పెట్టుకొనగా, నాటి మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించి లాఠీలు ప్రయోగించెను. ఆనాడు మండువేసవిలో చదువుకొందుమనినవారిని ప్రభుత్వము కొట్టెను. ఈనాడెవరును కొట్టరు, తలుపునకు తాళము వేసి సెలవనుచున్నారు. ఇక దూరవిద్య సంగతి. భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదులోనే పుట్టెను. నేడది అంబేద్కరు పేర నున్నది. బడిమెట్లు సరిగా ఎక్కలేకపోయినవానికి గూడ అర్హతపరీక్ష పెట్టి డిగ్రీ ద్వారము తెరచినది ఆ సంస్థయే. ఒకప్పుడు దేశమునకు దారి చూపిన గడ్డ, నేడు తన అడవి అంచున నున్న పిల్లకు ఎనిమిది వారముల తరగతి చూపలేదా?

ఇక సరిహద్దు మాట. ఈ అడవికి గీతలు గీయుట పాలకులకు అలవాటైపోయినది. భద్రాచలము ప్రాంతము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. పిదప ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో పోలవరము కొఱకు ముంపు మండలములను ఆంధ్రప్రదేశమునకు బదలాయించిరి; భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచెను, దానిని ఆనుకొనియున్న ఎటపాక ఆంధ్రకు పోయెను. 2016లో కొత్తగూడెము జిల్లా యేర్పడెను. ఇన్నిమార్లు గీత జరిగినను కోయవాని కాలిబాట జరుగలేదు. అతడు సంతకు, ఆసుపత్రికి, కళాశాలకు నేటికిని భద్రాచలమునకే వచ్చుచున్నాడు. ఐనను ఈ గీతకు ఇటు వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయము, అటు రాజమహేంద్రవరములోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము. ఇటు పిల్ల అటు వేసవిలో చదివినచో ఆ చదువు ఇటు చెల్లునా? అటు పిల్ల ఇటు చదివినచో అటు చెల్లునా?

చెల్లవలెననియే 2021లో క్రెడిట్ల నిధి నిబంధనలు వచ్చినవి. రైతు ధాన్యమును గిడ్డంగిలో వేసి రసీదు పుచ్చుకొన్నట్లు, విద్యార్థి తాను సంపాదించిన క్రెడిట్లను తన పేర జమ చేసికొనవచ్చును; ఏడేండ్లలోపల వాడుకొనవచ్చును. పట్టమిచ్చు సంస్థలో సగమునకు తక్కువ కాకుండ చదివినచో, తక్కినవి ఇతర సంస్థలనుండి తెచ్చుకొనవచ్చును. గిడ్డంగి కట్టిరి, రసీదు పుస్తకము అచ్చువేసిరి. కాని వేసవిలో పంటయే వేయనీయరు! జమ చేయుటకు క్రెడిట్లే లేనివానికి నిధి యెందుకు? అద్దములో చూపిన అన్నము ఆకలి తీర్చునా?

వేసవిశ్రమకు క్రెడిటు ఇచ్చుట కూడనిదందురా? ఆంధ్రప్రదేశములో 2020-21నుండి డిగ్రీ విద్యార్థులు మొదటి సంవత్సరాంతమున వేసవిలో గ్రామములకు పోయి సమాజసేవ చేయుట నిర్బంధము. దానికి క్రెడిట్లు గలవు. గ్రామమునకు పోయి గ్రామమును చూచివచ్చిన పట్టణపు విద్యార్థికి క్రెడిటు దక్కినప్పుడు, ఆ గ్రామముననే పుట్టి, ఆ వరదనే భరించి, తప్పిపోయిన పాఠమును మండుటెండలో కూర్చుండి నేర్చుకొందునను పిల్లకు దక్కరాదా?

ఎదుటివారి వాదములను దాచుట న్యాయవాదికి తగదు. ఒక్కొక్కటి విందము.

మొదటిది, వేసవిలో హడావుడిగా చెప్పిన చదువు పలుచబడునని. లెక్క చూడుడు. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశమునకు 60 గంటలు. ఎనిమిది వారములు, వారమునకు ఆరు దినములు, వెరసి 48 దినములు. ఒక్క పాఠ్యాంశమునకు దినమునకు గంటంబావు చాలును. మూడు పాఠ్యాంశములకు మూడు గంటల ముప్పావు. ఒక వేసవికి 12 క్రెడిట్లు, రెండు వేసవులకు 24. మూడేండ్ల డిగ్రీలో అర్ధసంవత్సరమునకు సగటున వచ్చునవి 20 క్రెడిట్లే. అనగా తప్పిన పిల్లను పై తరగతికి పోనిచ్చి, రెండు వేసవులు పాఠము చెప్పినచో, ఒక్క గంట తగ్గకుండ, ఒక్క పాఠము కుదింపకుండ, పోయిన అర్ధసంవత్సరమంతయు తిరిగివచ్చును. ఇందులో పలుచదనమెక్కడ?

రెండవది, మరుసటి పరీక్షలలో వ్రాసికొనవచ్చును గదా యని. పరీక్ష వేఱు, పాఠము వేఱు. పాఠము వినని పిల్లకు పరీక్షను మాత్రము మరల మరల చూపుట, ఈత నేర్పక ఏటిలోనికి మరల మరల త్రోయుట వంటిది. పైగా హాజరు చాలనివారికి ఆ పరీక్షయు లేదు.

మూడవది, ‘స్వయం’ అను ఆన్‌లైను పాఠములున్నవి గదా, 2021 నిబంధనల ప్రకారము ఒక అర్ధసంవత్సరపు పాఠ్యాంశములలో 40 శాతమువరకు వానితో పూరించుకొనవచ్చును గదా యని. మంచిదే, చేతనైనవారు వాడుకొందురు గాక. కాని సెల్‌ఫోను మాటకై చెట్టెక్కవలసిన పల్లెలు ఈ సరిహద్దున నేటికిని గలవు. ఆ పాఠములలో నధికభాగము ఇంగ్లీషు, పరీక్షకు రుసుము, పరీక్షాకేంద్రమునకు ప్రయాణము. ఇంటిలో కోయమాటయు, బడిలో తెలుగును నేర్చిన పిల్లకు ఎదుట కూర్చుండి సందేహము తీర్చు గురువు కావలెను. తెర ఆ పని చేయలేదు.

నాల్గవది, ఎండ. 45 డిగ్రీలలో తరగతులా యని కొందఱు జాలిపడుచున్నారు. ఈ జాలి తునికాకు కోయునప్పుడు ఎక్కడ దాగియుండెనో తెలియదు. ఉదయము ఆకుపని, సాయంకాలము చదువు. మూడున్నరకు గంట కొట్టి ఏడుంబావునకు విడిచిపెట్టినచో కూలియు పోదు, చదువును పోదు. ఈ వేళలను నగరములో కూర్చుండి నిర్ణయింపరాదు. కల్లము తెలిసినవారిని అడిగి నిర్ణయింపవలెను.

ఐదవది, అధ్యాపకులకు సెలవు వలదా యని. వలయును; వారును మనుష్యులే. సెలవులలో పనిచేసిన ఉద్యోగికి ఆర్జితసెలవు జమ కట్టుట ప్రభుత్వమునకు తెలియని విద్య కాదు. అతిథి అధ్యాపకులకు వేసవి నెలలు జీతము లేని నెలలు. వారికి పని యిచ్చినచో చేతులెత్తి మ్రొక్కుదురు.

ఐదు వాదములును పోయిన పిదప ఆరవదొకటి మిగులును. దానిని బహిరంగముగా నెవరును అనరు. ‘అడవిపిల్లలకు ఇంత అవసరమా?’ దీనికి మేము సమాధానము చెప్పము, రాజ్యాంగము చెప్పినది. షెడ్యూల్డు కులముల, తెగల విద్యాప్రయోజనములను ప్రత్యేకశ్రద్ధతో పెంపొందింపవలెనని 46వ అధికరణము ప్రభుత్వమును ఆదేశించుచున్నది. ప్రత్యేకశ్రద్ధ యనగా మైదానమునకు చేసినదే అడవికిని చేయుట కాదు; అడవికి ఏది కావలెనో అది చేయుట.

మఱొక హెచ్చరికయు చేయవలసియున్నది, ఇది మనవారికే. వేసవి క్రెడిట్లను ఇష్టము వచ్చినట్లు విడిచిపెట్టినచో రేపు వానిని తూకమునకు అమ్ము దుకాణములు వెలయును. పాఠము చెప్పకయే హాజరు వేసి, రుసుము పుచ్చుకొని క్రెడిటు చేతబెట్టు వ్యాపారులు మన దేశమున కరవు కాదు. అందుచేత ఈ అడవి సరిహద్దున వేసవి తరగతులు ప్రభుత్వ కళాశాలలలోనే, ప్రభుత్వ వ్యయముతోనే, బహిరంగమైన హాజరుపట్టీతో జరుగవలెను. దొంగక్రెడిటు పేదవాని పట్టమును చిత్తుకాగితముగా మార్చును. ధనికునికి వేఱు పట్టము కొనుక్కొను శక్తి గలదు, పేదవానికి లేదు.

ఇంతకును మేము కోరునదేమి? భద్రాచలమున ఒక ప్రభుత్వ కళాశాలలోను, సరిహద్దు ఆవల చింతూరున ఒకదానిలోను ప్రతి సంవత్సరమును ఎనిమిది వారముల వేసవి తరగతులు తప్పక నడుపవలయును. విద్యార్థులు పదిమంది యున్నను నడుపవలయును. వేసవిలో తాళము పడు గిరిజన వసతిగృహములను ఆ ఎనిమిది వారములు తెరచి అన్నము పెట్టవలయును. తలపై కప్పు, కడుపునకు కూడు లేని వేసవి చదువు పట్టణవాసులకే దక్కును. బోధనకుగాని పరీక్షకుగాని రుసుము కూడదు. వరదవలన హాజరు తప్పినవారిని పై తరగతికి పోనిచ్చి, వేసవిలో పూరించుకొను అవకాశము నీయవలయును. కాకతీయ, నన్నయ విశ్వవిద్యాలయములు రెండును ఒడంబడిక చేసికొని, ఒకచోట చదివిన వేసవి క్రెడిటు రెండవచోట మాఱుమాట లేక చెల్లునట్లు చేయవలయును. ఈ వాక్యములన్నిటను ‘వలయును’ అనియే వ్రాసితిమి. ‘వచ్చును’ అని యొక్కటియు వ్రాయలేదు. ఇది కలము జారి కాదు.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులారా, ఇది ప్రభుత్వమునకు మాత్రమే వ్రాసినది కాదు. 1934లోను, 1945లోను ఆంధ్రమహాసభకు ఆతిథ్యమిచ్చిన ఊరు మన ఖమ్మము. గ్రంథాలయములను ఉద్యమముగా నడిపిన తరమునకు మనము వారసులము. ఆ తరమువారు చదువు తమ వద్దకు వచ్చువఱకు కాచుకొని కూర్చుండలేదు. లాంతరు పట్టుకొని చదువును పల్లెకు మోసికొని పోయిరి. వేసవి సాయంకాలములు మన పఠనమందిరములలో కుర్చీలు ఖాళీగా నుండుట మీరెరుగనిది కాదు. పట్టభద్రులైన మనలో నెందఱము ఎనిమిది వారములలో ఎనిమిది సాయంకాలములు భద్రాచలమునకు పోయి పాఠమునకు తోడుపడగలము? ఎందఱము రెండు విశ్వవిద్యాలయములకును అర్జీ వ్రాసి చేవ్రాలు చేయగలము? న్యాయవాదులమైన మాలో నెందఱము ఆ అర్జీని రుసుము లేక వాదింపగలము? మా వంతు మేము చేయుటకు సిద్ధముగా నున్నాము. అర్జీ ప్రతి మా కచేరిలో నున్నది. వచ్చి చేవ్రాలు చేయుడు.

గోదావరి మరల పొంగును. దానిని ఆపు శక్తి మనకు లేదు. వరదలో ఇల్లు పోవచ్చును, పంట పోవచ్చును. ఏడాది చదువు పోవుట మాత్రము వరద చేసిన పని కాదు. అది తాళము చేసిన పని. తాళము మన చేతిలో నున్నది. ఆ కోయబాలిక అడిగిన ప్రశ్నకు ఆనాడు కల్లములో మేము తల వంచితిమి. రాబోవు వేసవిలోనైనను తల యెత్తి, “అమ్మా, తలుపులు తెరచినారు, పద” అని చెప్పగలుగుదుమా? సమాధానము మీరే చెప్పవలయును.